తుపాకికి పేరిచ్చిన సేనాని: జనరల్ జాన్ థాంప్సన్

తాము సృష్టించిన వస్తువునకు తమ పేరునే ఇచ్చిపోయిన యంత్రనిర్మాతలు కొందరు కలరు. డీజిల్ అనగానే మనకు ఇంజను స్ఫురించును గాని, రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు స్ఫురింపడు. కాలము గడచిన కొలది మనిషి మరుగుపడి వస్తువు మిగులును. ఆ వస్తువు లోకమునకు మేలు చేసినదైనచో ఆ పేరు గౌరవముతో నిలుచును. కీడు చేసినదైనచో, కర్త ఉద్దేశము ఎంత మంచిదైనను, అపకీర్తిలో ఆయనకును పాలు రాక తప్పదు. అమెరికా సైన్యమున బ్రిగేడియర్ జనరల్ పదవి వరకు ఎదిగిన జాన్ టి. థాంప్సన్ జీవితము ఇందుకు తగిన ఉదాహరణము. టామీ గన్ అను ముద్దు పేరుతో లోకమెల్ల ఎరిగిన చేతి మరతుపాకి ఆయన కల్పనయే. ఆ తుపాకిని పుట్టించినవాడు ఆయన. కాని దానిని ఏమని పిలువవలెనో, ఎవరి ఇంట ఉండనీయవలెనో నిర్ణయించుట శాసనకర్తల వంతయ్యెను. ఆ చర్చ ఆయన మరణించి ఎనిమిది దశాబ్దములు దాటినను ముగియలేదు.

థాంప్సన్ 1860వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన కెంటకీ రాష్ట్రములోని న్యూపోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి సైనికోద్యోగి. బిడ్డ పుట్టిన నాలుగు మాసములకే అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము రగుల్కొనెను. తండ్రి ఉద్యోగమును బట్టి ఒక సైనిక స్థావరము నుండి మరియొక స్థావరమునకు మారుచు పెరిగిన బాలునకు సైనిక జీవితము తప్ప వేరొక జీవితము మనసునకు తోచలేదు. ఆయన వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చేరి 1882లో పట్టము పుచ్చుకొని, మొదట ఫిరంగి దళమున చిన్న అధికారిగా చేరెను. 1890లో ఆయుధ సామగ్రి శాఖకు మారెను. యుద్ధరంగమున కత్తి దూయుట కన్న, యుద్ధము చేయువాని చేతికి ఏ ఆయుధమును అందించవలెనను విచారమే ఆయనకు జీవితవ్రతమయ్యెను.

1898లో స్పెయిను దేశముతో అమెరికాకు యుద్ధము వచ్చెను. క్యూబా దండయాత్రకు నాయకుడైన జనరల్ షాఫ్టరు కొలువున థాంప్సన్ ఆయుధ సామగ్రికి ముఖ్యాధికారిగా నియమింపబడెను. ఫ్లోరిడాలోని టాంపా రేవు నుండి 18,000 టన్నులకు పైబడిన మందుగుండు సామగ్రి క్యూబాకు తరలిపోయెను. ఇంత జరిగినను ఒక్క ప్రమాదమైనను సంభవింపలేదు. ఆ దినములలోనే పార్కరు అను చిన్న అధికారి గాట్లింగు మరతుపాకులతో ప్రత్యేక దళమొకటి కావలెనని పట్టుపట్టెను. పై అధికారులలో పెక్కుమంది పెడచెవిని పెట్టిన ఆ కోరికను థాంప్సన్ మన్నించి తుపాకులను ఇప్పించెను. సాన్ హ్వాన్ కొండపై జరిగిన పోరులో ఆ తుపాకులు అమెరికా సైనికులకు ఎంతయో తోడ్పడినవి. పదిమంది పేల్చు గుండ్లను ఒక్క యంత్రము పేల్చినచో కాలిబంటునకు ఎంత బలము చేకూరునో ఆయన అప్పుడు కన్నులార చూచెను.

యుద్ధానంతరము సైన్యమున చిన్న ఆయుధముల వ్యవహారమంతయు ఆయన చేతికి వచ్చెను. స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు అను పేరుతో ప్రసిద్ధమైన 1903 నమూనా ఆయన పర్యవేక్షణలోనే రూపొందెను. ఫిలిప్పీను దీవులలో జరిగిన పోరాటములలో సైన్యము వారి చిన్న రివాల్వరు గుండు శత్రువును ఆపలేకపోవుచున్నదని ఫిర్యాదులు వచ్చినవి. గుండు ఎంత లావు ఉండవలెనో తేల్చుటకు 1904లో థాంప్సన్, సైనిక వైద్యుడైన లగార్డుతో కలిసి షికాగో పశువధశాలలో పశువులపైనను, మానవ కళేబరములపైనను ప్రయోగములు చేసెను. చదువుటకే ఒడలు గగుర్పొడుచు ఈ పరీక్షల ఫలితముగా, పిస్తోలు గుండు వ్యాసము అంగుళములో నూటికి 45 వంతులకు తక్కువ ఉండరాదని వారు నిర్ణయించిరి. 1911లో అమెరికా సైన్యము స్వీకరించిన పిస్తోలు ఆ కొలతకే తయారయ్యెను. థాంప్సన్ క్రూరుడు కాడు; సంసారి, నియమపరుడు. కాని ఆయుధమును ఒక లెక్కగా, ఒక ఇంజనీరింగు సమస్యగా చూచు చూపు ఆయనకు అలవడెను. ఆ చూపునకు అందని విషయమొకటి కలదని ఆయనకు తెలియుటకు మరి రెండు దశాబ్దములు పట్టెను.

1914లో ఐరోపాలో మహాయుద్ధము ఆరంభమయ్యెను. అమెరికా ఇంకను తటస్థముగా నుండెను. ఆ ఏడు నవంబరులో థాంప్సన్ సైన్యము నుండి విరమించి రెమింగ్టన్ ఆయుధ కంపెనీలో ప్రధాన ఇంజనీరుగా చేరెను. పెన్సిల్వేనియాలోని ఎడ్డీస్టోనులో బ్రిటిషు సైన్యమునకు రైఫిళ్ళు చేయుటకు నిర్మించిన మహా కర్మాగారము ఆయన పర్యవేక్షణలో లేచినదే. ఫ్రాన్సు నుండి వచ్చు వార్తలు ఆయనను కలవరపెట్టుచుండెను. ఇరుపక్షముల సైనికులు కందకములు త్రవ్వుకొని ఎదురెదురుగా కూర్చుండిరి. కందకము దాటి పరుగెత్తినవారిని మరతుపాకులు గడ్డి కోసినట్లు కోయుచుండెను. ఎట్లో శత్రువు కందకములోనికి దూకినను, ఆ ఇరుకున పొడుగాటి రైఫిలు తిప్పుటకే వీలు కాదు. ఒక్క గుండు పేల్చిన పిమ్మట గడియ లాగి మరల పేల్చవలెను. ఒక్క మనిషి చేత పట్టుకొని నడచుచు పేల్చదగిన మరతుపాకి ఉన్నచో కందకమును చీపురుతో ఊడ్చినట్లు ఊడ్చివేయవచ్చునని ఆయనకు తోచెను.

ఆలోచన ఒకటి, ఆచరణ ఒకటి. అప్పటి మరతుపాకుల యంత్రములు బరువైనవి, చిక్కైనవి. జాన్ బ్లిష్ అను నౌకాదళాధికారి రెండు వేర్వేరు లోహములు అధిక పీడనమున ఒకదానికొకటి అంటుకొని నిలుచునను సూత్రముపై ఒక చిన్న తాళమును కల్పించి హక్కులు పొందియుండెను. థాంప్సన్ ఆ హక్కులను సంపాదించి, థామస్ ఫార్చూన్ రయన్ అను ధనికుని పెట్టుబడితో 1916లో ఆటో ఆర్డినెన్స్ అను కంపెనీని నెలకొల్పెను. ఐకాఫ్, పేన్ అను యువ ఇంజనీర్లు ఆయనకు కుడి ఎడమ భుజములైరి. పరీక్షలలో తేలినదేమనగా, ఆ తాళము రైఫిలు తూటా బలమునకు ఆగదు. సైన్యము వారి తూటాలలో పిస్తోలు తూటా ఒక్కటియే దానికి సరిపడును. ఆ తూటాయే 1904 పరీక్షల ఫలితముగా పుట్టినది. ఇట్లు ఆయన తొలి పరిశ్రమ ఫలము తుది పరిశ్రమకు ఆధారమయ్యెను.

1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించినంతనే థాంప్సన్ మరల సైన్యమునకు పిలువబడి, దేశములోని ఆయుధ కర్మాగారములన్నింటిపై అధికారి అయ్యెను. బ్రిగేడియర్ జనరల్ పదవియు, విశిష్ట సేవా పతకమును ఆయనను వరించినవి. ఆయన యువ ఇంజనీర్లు తుపాకిని సిద్ధము చేయుచునే యుండిరి. కాని అది రంగమునకు పోదగిన స్థితికి వచ్చునప్పటికి 1918 నవంబరు 11వ తేదీ వచ్చినది; యుద్ధము ముగిసినది. కందకముల కొరకు పుట్టిన తుపాకి కందకమును చూడలేదు.

1919లో ఆ తుపాకికి పేరు పెట్టవలసివచ్చెను. పెద్ద మరతుపాకిని మోయుటకు, తూటాలందించుటకు కొందరు మనుష్యులు కావలెను. ఇది ఒక్కని చేతిలో ఇముడును. పిస్తోలు తూటాలనే పేల్చును. అందుచేత దీనిని ఉప మరతుపాకి అను అర్థము వచ్చునట్లు సబ్‌మెషిన్ గన్ అనిరి. ముందు థాంప్సన్ పేరు చేర్చిరి. తుపాకికి పెట్టిన ఈ జాతి నామమే తరువాత ప్రపంచమంతటను నిలిచెను. 1921లో హార్ట్‌ఫర్డు నగరములోని కోల్టు కంపెనీ వారు 15,000 తుపాకులను తయారుచేయుటకు ఒప్పుకొనిరి. మీట నొక్కి పట్టినచో నిమిషమునకు సుమారు 800 గుండ్ల వేగముతో పేలును. 20 తూటాల పెట్టెగాని, 50 లేక 100 తూటాలు పట్టు గుండ్రని డ్రమ్ముగాని అడుగున తగిలింపవచ్చును. వెల సుమారు 200 డాలర్లు. ఆ కాలమున అది సామాన్య గృహస్థునకు కొన్ని మాసముల సంపాదన.

కొనువారెవరు? శాంతికాలమున సైన్యము కొనలేదు. తపాలా సంచులను కాపాడుటకు కొన్ని తుపాకులు, నౌకాదళ సైనికులకు కొన్ని, పోలీసు శాఖలకు కొన్ని పోయినవి. ధర్మపక్షమున, శాంతిభద్రతల పక్షమున తమ తుపాకి నిలుచునను అర్థము గల మాటలు కంపెనీ వారికి నినాదములైనవి. అయినను సరకు అమ్ముడుపోలేదు. పశుపాలకుడొకడు తన ఇంటి ముందు నిలిచి దొంగలపై ఈ తుపాకిని పేల్చుచున్నట్లు బొమ్మ వేయించి ప్రకటనలు ఇచ్చిరి. అప్పటి అమెరికా కేంద్ర శాసనములలో ఇట్టి ఆయుధమును గురించిన మాటయే లేదు. పెక్కుచోట్ల డబ్బున్నవాడు అంగడికి పోయి కొనితెచ్చుకొనవచ్చును. 1921 జూన్‌లో హొబోకెన్ రేవులో నిలిచియున్న ఓడలో 495 తుపాకులు పట్టుబడినవి. అవి ఐర్లండు విప్లవకారులకు పోవలసినవి. తుపాకి ఎవరి చేతికి చేరునో తయారుచేసినవాడు నిర్ణయింపజాలడని తెలిపిన మొదటి హెచ్చరిక ఇదియే.

రెండవ హెచ్చరిక మరింత ఘోరమైనది. 1920 నుండి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధము అమలులో నుండెను. దొంగసారా వ్యాపారమున కోట్లు గడించిన ముఠాలు షికాగో వంటి నగరములలో వీధులను పంచుకొని ఒకరినొకరు చంపుకొనుచుండిరి. 1925, 26 సంవత్సరముల నాటికి వారి చేతికి థాంప్సన్ తుపాకి వచ్చెను. 1926 ఏప్రిల్‌లో మెక్‌స్విగ్గిన్ అను సహాయ ప్రభుత్వ న్యాయవాది ఈ తుపాకికి బలియయ్యెను. 1929 ఫిబ్రవరి 14వ తేదీన షికాగోలోని ఒక గ్యారేజిలో ఏడుగురిని గోడకు నిలువబెట్టి కాల్చి చంపిరి. హంతకులు రెండు థాంప్సన్ తుపాకులను ఉపయోగించిరి. కాల్విన్ గొడ్డార్డు అను నిపుణుడు గుండ్లపై గల గీతలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఏ తుపాకుల నుండి అవి వెలువడినవో తేల్చెను. తుపాకి గుండ్ల పరీక్షాశాస్త్రము న్యాయస్థానములలో స్థిరపడుటకు ఆ పరీక్ష ఎంతయో దోహదము చేసినది. పత్రికలలోను, చలనచిత్రములలోను థాంప్సన్ అను పేరు దొంగల పేరులతో జంట కట్టబడెను. వృద్ధుడైన సేనానికి ఇది కడుపుకోతయే అయ్యెను.

ఆ రోజులలో కంపెనీ వారు చేసిన చిన్న మార్పు ఒకటి కలదు. నాడు ఎవరును పెద్దగా గమనింపకపోయినను, అది నేటి చర్చకంతకు మూలము వంటిది. పోలీసువారికి ఎడతెగక పేలు తుపాకి అక్కరలేకపోవచ్చునని తలచి, 1921 నమూనా తుపాకులలో కొన్నింటి లోపలి భాగములను మార్చి, మీట నొక్కిన ప్రతిసారి ఒక్క గుండు మాత్రమే పేలునట్లు చేసిరి. పైన చెక్కియున్న సబ్‌మెషిన్ గన్ అను మాటను చెరిపి సెమీ ఆటోమేటిక్ కార్బైన్ అను మాటను చెక్కిరి. 1921 అను అంకెపై 1927 అను అంకెను ముద్రించిరి. పేరు మారెను. తీరు మారెనా? లోపల మార్చిన భాగములను తీసి పాతవి పెట్టినచో తుపాకి మరల ఎప్పటివలెనే ఎడతెగక పేలును. కావుననే కాలక్రమమున అమెరికా అధికారులు ఆ 1927 నమూనాను సయితము మరతుపాకిగానే పరిగణించిరి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదను మన సామెత ఇచట అక్షరాల వర్తించినది.

1934 జూన్ 26వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్టు జాతీయ మారణాయుధ శాసనముపై సంతకము చేసెను. ఆయుధములను సూటిగా నిషేధించుటకు రాజ్యాంగము ప్రకారము తమకు అధికారము కలదో లేదో అను సంశయము చేత కేంద్ర శాసనకర్తలు పన్ను మార్గమును త్రొక్కిరి. మరతుపాకి చేతులు మారిన ప్రతిసారి 200 డాలర్ల పన్ను చెల్లించవలెను. ప్రభుత్వ పుస్తకములో నమోదు చేయించవలెను. 200 డాలర్లనగా ఇంచుమించు ఒక థాంప్సన్ తుపాకి వెల. పన్ను వసూలు చేయుట కన్న కొనుగోలును నిరుత్సాహపరచుటయే దాని ఉద్దేశమని వేరుగ చెప్పనక్కరలేదు. 1937లో సుప్రీం కోర్టు ఈ పన్ను చెల్లునని తీర్పు చెప్పెను. మరతుపాకి అనగా నేమి అను ప్రశ్నకు ఈ శాసనము సూటియైన జవాబు చెప్పెను. మీటను ఒక్కసారి కదలించినంత మాత్రమున, మరల చేతితో గుండు ఎక్కింపనక్కరలేకుండ, ఒకటి కన్న ఎక్కువ గుండ్లు పేలినచో అది మరతుపాకి. తుపాకి ఆకారము, పొడవు, పేరు, ధర ఏవియు లెక్కలోనికి రావు.

థాంప్సన్ చివరి సంవత్సరములు విచారముతో గడచినవి. పెట్టుబడిదారుడైన రయన్ 1928లో మరణించెను. సరకు గోదాములలో మూలుగుచుండెను. 1921లో తలపెట్టిన 15,000 తుపాకులు పదునైదు సంవత్సరములైనను పూర్తిగా చెల్లలేదు. 1939లో కంపెనీ రస్సెల్ మాగ్వైరు అను వ్యాపారి చేతికి పోయెను. అదే సంవత్సరమున థాంప్సన్ కుమారుడును, వ్యాపారమున సహచరుడును అయిన మార్సెల్లస్ మరణించెను. తన పాత సహచరుడైన ఐకాఫ్‌నకు 1939లో వ్రాసిన ఉత్తరములో ఆ వృద్ధుడు తన మనసు విప్పెను. ఆయుధములకు ఇక సెలవు చెప్పితిననియు, ప్రాణములు తీయు పనికన్న ప్రాణములు నిలుపు పనిపై దృష్టి నిలుపగోరుచున్నాననియు, దుష్టులు తన తుపాకిని అపహరించి కంపెనీ ఆశయమునకు విరుద్ధముగా వాడుకొనుట తన మనసును కలచివేసినదనియు ఆ లేఖ సారాంశము. 1940 జూన్ 21వ తేదీన, తన 79వ ఏట, న్యూయార్కు రాష్ట్రములోని గ్రేట్ నెక్‌లో ఆయన కన్ను మూసెను. వెస్ట్ పాయింట్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. ఆ మరునాడే ఫ్రాన్సు జర్మనీకి లొంగి సంధిపత్రముపై సంతకము చేసెను. ఆయన తుపాకి కొరకు ప్రపంచము అంగలార్చు ఘడియ అప్పుడే వచ్చినది. ఆయన దానిని చూడలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున 15 లక్షలకు పైగా థాంప్సన్ తుపాకులు తయారైనవి. బ్రిటిషు వారు, అమెరికనులు వీనిని విరివిగా వాడిరి. బర్మా రంగమున జపానీయులతో పోరిన 14వ సైన్యమునను ఇవి యుండెను. ఆ సైన్యమున అధిక సంఖ్యాకులు భారతీయులే. 1942లో ఇంజనీర్లు ఆ తుపాకిని సులభముగా తయారుచేయుటకు మార్చిరి. అప్పుడు బ్లిష్ తాళమును పూర్తిగా తీసివేసిరి. అది లేకున్నను తుపాకి చక్కగా పనిచేసెను. 1939లో 209 డాలర్లుగా నున్న ధర 1944 నాటికి 45 డాలర్లకు దిగెను. ఇతర దేశముల వారును వెనుకబడలేదు. జర్మనులు ఎం.పి. 40 అను దానిని, బ్రిటిషు వారు స్టెన్ అను చౌక తుపాకిని లక్షల సంఖ్యలో చేసిరి. థాంప్సన్ పేరు పెట్టిన జాతి యుద్ధరంగములన్నిటను నిండెను.

యుద్ధము ముగిసెను. సైనికులు ఇండ్లకు మరలిరి. వారితోపాటు సంచులలో శత్రువుల నుండి చేజిక్కించుకొన్న తుపాకులును జ్ఞాపకార్థము వచ్చినవి. పిమ్మట యుద్ధవస్తువులను సేకరించువారు పుట్టుకొనివచ్చిరి. నాణెములను, తపాలా బిళ్ళలను సేకరించువారి వలెనే వీరును చరిత్రాభిమానులు. ఇట్టి తుపాకులను ఇండ్లలో ఉంచుకొనుటకు వీలుగా అమెరికా ఖజానా శాఖ వారు ఒక పద్ధతిని అనుమతించిరి. గొట్టమును మూసి, దానిని తుపాకి ముఖ్య శరీరమైన రిసీవరుతో కలిపి అతికించినచో అది ఇక పేలదు గనుక, ఆయుధము కాక జ్ఞాపిక యగునని భావించిరి. వేలకొలది తుపాకులు ఇట్లు గోడలకు అలంకారములైనవి.

కాని అతికినదానిని విడదీయవచ్చును గదా. 1968లో పరిస్థితి మారెను. ఆ సంవత్సరము జనవరిలో సుప్రీం కోర్టు హేన్స్ అనువాని కేసులో, నమోదు లేని ఆయుధమును నమోదు చేయుమని నిర్బంధించుట తన నేరమును తానే ఒప్పుకొనుమని నిర్బంధించుట యగునని తీర్పు చెప్పెను. శాసనసభ చట్టమును తిరిగి వ్రాయవలసి వచ్చెను. క్రొత్త చట్టమున మరతుపాకి నిర్వచనము విస్తరించెను. ఇప్పుడు పేలునది మాత్రమే కాదు. సులభముగా తిరిగి పేలునట్లు చేయదగినదియు మరతుపాకియే. అంతే కాదు, దాని రిసీవరు ఒక్కటియే యున్నను, ఇతర తుపాకిని మరతుపాకిగా మార్చు భాగముల కూర్పు యున్నను చట్టము దృష్టిలో అది మరతుపాకియే. నవంబరు 2 నుండి డిసెంబరు 1 వరకు ముప్పది దినములు క్షమాభిక్ష గడువిచ్చిరి. ఆ గడువులో నమోదు చేయించుకొన్నవారు శిక్ష లేకుండ తమ తుపాకులను నిలుపుకొనిరి. గోడకు వ్రేలాడు జ్ఞాపికను ఆయుధమని ఎరుగక మిన్నకున్నవారు, తమకు తెలియకయే చట్టవిరుద్ధమైన వస్తువునకు యజమానులైరి.

1986 మే 19వ తేదీన మరియొక గడి మూసిరి. ఆ దినమునకు ముందు చట్టబద్ధముగా నమోదైన మరతుపాకులను తప్ప, అమెరికాలో సామాన్య పౌరులు ఇక క్రొత్తవానిని పొందరాదని శాసనమయ్యెను. ఉన్నవి ఉన్నన్నియే, పెరుగవు. కోరువారు మాత్రము పెరుగుదురు. ఫలితముగా ఒకప్పుడు 200 డాలర్లకు వచ్చిన థాంప్సన్ తుపాకి నేడు పదుల వేల డాలర్లు పలుకుచున్నది. 1934లో కొనువానిని బెదరించిన 200 డాలర్ల పన్ను, మరతుపాకుల విషయమున అంకె మారకయే నిలిచి, నేడు ఆ వెలయందు లెక్కకు రాని చిల్లరయైనది.

ఇచట విద్యార్థులు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. అమెరికా చట్టమున ప్రాచీన వస్తువులకును, సేకరణకర్తల వస్తువులకును కొన్ని వెసులుబాటులు కలవు. ఏబది సంవత్సరములు దాటిన తుపాకి చారిత్రక వస్తువుల తరగతిలో చేరవచ్చును. పొట్టి గొట్టపు రైఫిలు వంటి కొన్ని ఆయుధములు కేవలము సేకరణకే పనికివచ్చునవని అధికారులు నిర్ణయించినచో జాతీయ మారణాయుధ శాసనము పట్టు నుండి పూర్తిగా తొలగిపోవును. కాని ఈ మినహాయింపు మరతుపాకికి లేదని చట్టము ప్రత్యేకించి చెప్పుచున్నది. దానికి నూరేండ్లు నిండినను, అది మ్యూజియములో అద్దాల బీరువా చాటున నున్నను, అది మరతుపాకియే. రిసీవరును నిర్ణీత పద్ధతిలో ముక్కలుగా కోసి నాశనము చేసిననాడే ఆ పేరు దానిని విడుచును.

ఇతర దేశముల వారు ఇదే ప్రశ్నకు వేరువేరు సమాధానములు చెప్పిరి. బ్రిటను 1937 నుండియు మరతుపాకులను పౌరులకు నిషేధించినది. 1987లో హంగర్‌ఫర్డులో జరిగిన హత్యాకాండ తరువాత, 1988 శాసనమున ఒకప్పుడు నిషిద్ధ తరగతిలో నున్న ఆయుధమును ఏ విధముగ మార్చినను నిషిద్ధముగానే ఉండునని స్పష్టపరచిరి. మీట నొక్కినప్పుడెల్ల ఒక్క గుండు మాత్రమే పేలునట్లు మార్చిన స్టెన్ తుపాకి గతియు ఇంతే. కాని ఆ శాసనమే మరియొక తలుపు తెరచినది. నిర్ణీత పద్ధతిలో శాశ్వతముగా నిర్వీర్యము చేయబడి, అధికార ముద్రయు పత్రమును పొందిన తుపాకి అసలు తుపాకియే కాదనిరి. చూడుడు, ఒకే విధమైన స్టెన్ తుపాకి గొట్టము మూయబడి, లండనులో గోడకు వ్రేలాడునప్పుడు వట్టి ఇనుము. న్యూయార్కులో వ్రేలాడునప్పుడు మరతుపాకి. వస్తువు ఒకటే, దానిని చూచు శాసనపు కన్ను వేరు.

ఐరోపాలో పెక్కు దేశములు చాలకాలము మధ్యేమార్గమును అవలంబించినవి. ఎడతెగక పేలు తుపాకిని ఒక్కొక్క గుండు పేలునట్లు మార్చినచో దానిని సాధారణ తుపాకుల తరగతిలో చేర్చి అనుమతిపత్రముపై ఇచ్చుచుండిరి. 2015 జనవరిలో పారిస్ నగరమున జరిగిన హత్యలలో, వట్టి శబ్దము మాత్రమే చేయునట్లు మార్చి అమ్మిన తుపాకులను దుండగులు మరల ప్రాణాంతకముగా మార్చి వాడిరని తేలెను. మార్చినదానిని మరల మార్చవచ్చునన్న భయము ఇట్లు నిజమయ్యెను. 2017లో ఐరోపా సంఘము తన ఆదేశమును సవరించి, ఎడతెగక పేలు తుపాకి నుండి ఒక్కొక్క గుండు పేలుదానిగా మార్చిన ప్రతి తుపాకిని నిషిద్ధ తరగతిలోనికి చేర్చెను. గుర్తింపు పొందిన మ్యూజియములకు, సేకరణకర్తలకు కఠిన నియమములపై మినహాయింపు ఇచ్చుటకు సభ్య దేశములకు అవకాశము నిచ్చెను.

మన దేశమున 1959 నాటి ఆయుధ శాసనము ఈ చిక్కును కొన్ని మాటలలో పరిష్కరించినది. మీటపై ఒత్తిడి ఉన్నంతవరకు, లేక తూటాలు అయిపోవువరకు గుండ్లు పేలుచునే యుండునట్లు నిర్మింపబడిన తుపాకియేగాక, అట్లు మార్చబడిన తుపాకియు నిషిద్ధాయుధమే. కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగ అధికారమిచ్చిన వారికి తప్ప ఇతరులకు అది నిషిద్ధము.

సేకరణకర్తల పక్షమును గూడ విందము. ఇవి చరిత్రకు సాక్ష్యములని, ఒక శతాబ్దపు యంత్రకళకు ఆనవాళ్ళని, నమోదు చేయించి పన్ను కట్టి తాళము వేసి భద్రపరచుకొన్న గృహస్థుని దొంగతో సమానముగ చూచుట తగదని వారందురు. ఇందులో న్యాయము లేకపోలేదు. కరగించివేసిన తుపాకి నుండి ఏ విద్యార్థియు చరిత్ర నేర్చుకొనజాలడు. మరియొక పక్షమువారు, వస్తువునకు ఉద్దేశము లేదని, ఉన్నది శక్తి మాత్రమేనని, ఆ శక్తి ఎవరి చేత పడునో ముందుగ ఎరుగుట అసాధ్యమని చెప్పుదురు. ఇందులోను న్యాయము కలదు. ఈ రెండు న్యాయముల నడుమ గీత గీయుటయే చట్టము పని. ఆ గీత ఒక్కొక్క దేశమున ఒక్కొక్కచోట పడినను, అన్ని దేశములును నానాటికి ఒక్క సూత్రము వైపునకే జరుగుచున్నవి. తుపాకి పేరును బట్టి గాని, నేటి రూపును బట్టి గాని కాక, అది ఏ పనికి పుట్టినదో, మరల ఏ పనికి మరలగలదో దానిని బట్టి దానిని గుర్తింపవలెనన్నదే ఆ సూత్రము.

జనరల్ థాంప్సన్ జీవితమును తలచినప్పుడు ఈ సూత్రము వెనుక గల విషాదము తెలియగలదు. ఆయన తన దేశ సైనికుని ప్రాణము కాపాడవలెనని తుపాకిని చేసెను. దానికి ధర్మపక్షమను నినాదమును జోడించెను. కాని నినాదము తుపాకితో పోలేదు. తుపాకి నినాదముతో ఆగలేదు. 1927 నమూనాపై చెరిపి చెక్కిన అక్షరముల వలెనే, కర్త మనసులోని సదుద్దేశము ఇనుమునకు అంటలేదు. ఏ యంత్రమునైనను కనిపెట్టువాడు అది ఏ పని చేయునని అడుగుటతో పాటు, నా చేతి నుండి జారిన పిమ్మట ఎవరి చేత ఏమి చేయునని కూడ అడుగవలెను. ఆ రెండవ ప్రశ్నను థాంప్సన్ డెబ్బదియవ పడిలో అడిగెను. అప్పటికి దానికి సమాధానము చెప్పు అధికారము ఆయన చేయి దాటి, శాసనకర్తల చేతికి పోయియుండెను.